మావ్రోనిసికి ఏడు రోజుల ప్రయాణం

గ్రీసు దేశపు రేవు ఊరు లావ్రియోలో అద్దె పడవలు కట్టే గట్టు మీదికి వెళ్ళాలంటే కలియోపి కాఫీ కొట్టు ముందునుంచే వెళ్ళాలి. ఆ కొట్టు ముందునుంచి వెళ్ళేవాళ్ళు ఆమె మొగుడు స్తమాటిస్ కంట పడకుండా పోవడం ఇంతవరకూ జరగలేదు. ఆయన కుర్చీ పొద్దున్న గుమ్మానికి కుడిపక్కన ఉంటుంది, గోడనీడతో పాటు జరుగుతూ జరుగుతూ సాయంత్రానికి ఎడంపక్కకి చేరుతుంది. డెబ్భై మూడేళ్ళ మనిషి. తెల్లటి గుబురు మీసం, నల్ల నావికుడి టోపీ, చేతిలో పూసల దండ. నడిపేవాణ్ణి పెట్టుకోకుండా ఒట్టి పడవ మాత్రం అద్దెకి తీసుకుని, సొంతంగా దీవులు చుట్టొచ్చే సెలవుల జనం వేసవంతా వారం వారం వస్తూనే ఉంటారు. వాళ్ళు పెట్టెలు దింపుకుని, పటం విప్పి బల్లమీద పరిచారంటే చాలు, స్తమాటిస్ గొంతు సవరించుకుంటాడు.

నిజానికి ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ గట్టు మీద పడవలు కడిగాడు. వచ్చే పడవ విసిరిన తాడు అందుకోవడం, పోయే పడవ తాడు విప్పడం, తొట్లలో నీళ్ళు నింపడం, ఉప్పు పట్టిన గొలుసులు తోమడం ఆయన పని. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా అందరూ ఆయన్ని కెప్టెన్ అనే పిలుస్తారు. మొదట్లో వెటకారానికి పిలిచారు, తర్వాత నోటికి అలవాటైపోయింది. వెటకారం మాట ఆయనకైతే ఎప్పుడూ గుర్తులేదు.

ఆగస్టు చివర, ఒక శుక్రవారం మధ్యాహ్నం, ట్రికాల నుంచి ఒక జంట వచ్చి కొట్టులో కూర్చున్నారు. కుర్రాడి పేరు మిల్టోస్, ఊళ్ళో మందుల షాపు. పెళ్ళాం అరిస్తెయా, బళ్ళో సంగీతం చెబుతుంది. ఆమె ఒళ్ళో ఐదేళ్ళ పిల్ల ప్రయాణం బడలికకి నిద్రపోతోంది. చుట్టూ కొండలు తప్ప నీళ్ళు కనపడని ఊరు వాళ్ళది. పోయిన చలికాలం మిల్టోస్ శని ఆదివారాలు సముద్రం ఒడ్డుకి పోయి, పడవ నడిపే పరీక్ష రాసి, కాగితం సంపాదించాడు. ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని మాటిమాటికీ తడుముకుంటున్నాడు. మర్నాడు వాళ్ళు పడవ అందుకోవాలి.

అరిస్తెయా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఏ రాత్రి ఏ రేవులో ఆగాలి, ఉత్తరపు గాలి వస్తే ఏ కొండచాటున లంగరు వెయ్యాలి, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, రొట్టె ఎన్ని రోజులకి సరిపోతుంది, పిల్లకి వాంతులైతే ఏ మందు, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. ఆరు నెలలుగా వంటింటి బల్లమీద కూర్చుని వేసుకున్న ఏర్పాటు అది. మొదటిరోజు దగ్గరి దీవి కేయా, తర్వాత కిథ్నోస్, వీలైతే సెరిఫోస్, మళ్ళీ వెనక్కి. పటం మీద పెన్సిలు గీత బెరుగ్గా, ఒడ్డుకి అంటుకుని పోతోంది.

కలియోపి వాళ్ళకి కాఫీలు పెట్టి, ఆ గీత చూసి, ఈ పిల్లకి బుద్ధి ఉందనుకుంది. ఈలోపు స్తమాటిస్ కుర్చీ ఎత్తుకుని వచ్చి వాళ్ళ బల్ల పక్కన వేసుకున్నాడు. అవతల బల్ల దగ్గర పాచికలాడుతున్న పాండెలిస్, ఫోటిస్ ఆట ఆపి, మొహమొహాలు చూసుకుని, తమ గ్లాసులు ఇటు తెచ్చుకున్నారు. పాండెలిస్ ఒకప్పుడు గనిలో పనిచేశాడు. ఫోటిస్ ఇప్పటికీ వలలు అల్లుతాడు. ఇద్దరికీ కెప్టెన్ కథ నోటికి వచ్చు, అయినా విడిచిపెట్టరు.

ఎటు పోతున్నారని అడిగి, పటం మీదికి వంగి, స్తమాటిస్ పెదవి విరిచాడు. అది పాలపళ్ళు ఊడని పిల్లలు పోయే దారి అన్నాడు. దానికి పడవెందుకు, ఈత వస్తే చాలన్నాడు. మిల్టోస్ కి చెవులు ఎర్రబడ్డాయి. తమకిది మొదటిసారని అరిస్తెయా నెమ్మదిగా చెప్పింది.

"నాకూ ఒక మొదటిసారి ఉందమ్మా. ఇరవై ఆరేళ్ళ కిందట నేనూ మీలాగే పడవ తీసుకున్నాను," అని స్తమాటిస్ మొదలుపెట్టాడు. "పదకొండు మీటర్ల పడవ, మనుషులం ఇద్దరమే, నేనూ ఇదిగో ఈవిడా. అక్టోబరు నెల. వారం రోజులకి సామాను సర్దుకుని, తెలతెలవారుతుండగా తాడు విప్పాం. ఇంజను వెయ్యలేదు. నాకు ఇంజను మోత పడదు. తెరచాప ఒక్కటి ఎత్తి, అటొక పెద్ద ఓడ ఇటొక పెద్ద ఓడ కట్టి ఉంటే ఆ సందులోంచి, ఇదిగో ఈ కప్పు ఇక్కణ్ణించి అక్కడికి జరిపినట్టు, బయటికి జరిపాను. ఓడలకి రంగు కూడా గీసుకోలేదు."

"ఎక్కడికి?" అన్నాడు మిల్టోస్.

"మావ్రోనిసికి. మీరు విని ఉండరు. ఆండ్రోస్ దాటాక, నడిసముద్రంలో ఉంటుంది. రేవు లేదు, ఓడలు పోవు. ఒక దీపస్తంభం, దాని పక్కన రెండు గదుల ఇల్లు, వెనకాల ఇంత చర్చి. ఈవిడ పుట్టింది అక్కడే. మా మామ ఆ దీపానికి కాపలాదారు."

ఈ మాట మాత్రం నిజమే. కలియోపి ఎనిమిదేళ్ళ వరకూ ఆ రాళ్ళమీద పెరిగింది. ఆ ఏడు చలికాలం వాళ్ళమ్మకి జ్వరం వచ్చింది. పదకొండు రోజులు సముద్రం ఏ పడవనీ దగ్గరికి రానివ్వలేదు. పన్నెండో రోజు పడవ వచ్చేటప్పటికి తండ్రి చర్చి వెనక గొయ్యి తవ్వి, పూడ్చి, పైన తెల్లరాళ్ళు కూడా పేర్చేశాడు. మరుసటి ఏడు ఆయన్ని వేరే దీపానికి మార్చారు. తర్వాత ఆ దీపం దానంతటదే వెలిగేలా యంత్రం పెట్టారు. దీవి మీద మనిషన్నవాడు లేడు. ఇరవై రెండో ఏట పెళ్ళయిన కొత్తలో కలియోపి మొగుడికి ఈ సంగతంతా చెప్పి, ఎప్పటికైనా ఒక్కసారి వెళ్ళి ఆ సమాధి దగ్గర దీపం పెట్టి రావాలని ఉందంది. ఎవడి పడవో ఎందుకే, నేనే తీసుకెళ్తానన్నాడు స్తమాటిస్. అప్పట్నుంచీ అంటూనే ఉన్నాడు.

"ఇంతకీ ఆ తర్వాత ఏమైందో తెలుసా?" స్తమాటిస్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "కేయా మొన దాటామో లేదో మెల్తెమి, అదే వేసవిలో వీచే ఉత్తరపు గాలి, అందుకుంది. అక్టోబరులో మెల్తెమి ఏమిటంటారు, నాకోసమే వచ్చినట్టుంది. ఒక్క విసురుకి నా టోపీ ఎగిరిపోయింది. ఈ టోపీయే. పోతే పోయిందిలే అనుకుని పడవని గాలికి సర్దాను. పావుగంట గడిచిందో లేదో, పైనుంచి టపీమని నెత్తిమీద ఏదో పడింది. చూద్దును కదా, నా టోపీ. గాలితోపాటు పోతున్న టోపీని మా పడవ దాటేసింది."

పాండెలిస్ గ్లాసు కింద పెట్టి, పోయినసారి అరగంట పట్టిందన్నావు కదోయ్ అన్నాడు. పోయినసారి నువ్వు తాగి విన్నావు అన్నాడు స్తమాటిస్, వెనక్కి చూడకుండానే.

అక్కణ్ణించి కథ ఎప్పటిలాగే తెరచాప ఎత్తింది. కలియోపి లోపల టమాటాలు తరుగుతూ వింటోంది. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో ఆమెకి తెలుసు. కలియోపి కాఫీ కాచి కప్పులో పోస్తుంటే గాలికి అది అడ్డంగా పారిందనీ, తాను రెండు బారల దూరంలో కప్పు పట్టుకుని కూర్చుంటే సరిగ్గా వచ్చి అందులో పడిందనీ, ఒక్క చుక్క ఒలకలేదనీ చెప్పాడు. ఎగిరే చేపలు తిన్నగా వచ్చి పెనంలో పడ్డాయన్నాడు. ఒకవైపు వేగాక వాటంతటవే తిరగబడ్డాయన్నాడు. చివరికి నూనె అయిపోయి, ఇక రావద్దని పెనం మీద మూత బోర్లించాల్సి వచ్చిందట. మూత మీద రాత్రంతా టకటకమని చప్పుడట.

"ఉప్పో?" అన్నాడు ఫోటిస్.

"ఉప్పు అలలు వేశాయి. కొంచెం ఎక్కువే వేశాయి, ఈవిడ నన్ను కోప్పడింది."

అరిస్తెయా నవ్వింది. నవ్వుతుంటే ఒళ్ళో పిల్ల కదిలింది. మిల్టోస్ మాత్రం నవ్వడం లేదు. పటం మీద కేయా నుంచి ఉత్తరంగా వేలితో ఒక దారి వెతుక్కుంటున్నాడు. అది కలియోపి గమనించింది.

"కావో దోరో పేరు విన్నావా బాబూ?" అన్నాడు స్తమాటిస్ ఆ వేలు చూసి. "ఎవియాకీ ఆండ్రోస్‌కీ మధ్య సందు. ఉత్తరాన ఉన్న గాలంతా ఆ సందులోంచే దూరాలి. ఓడ కెప్టెన్లు అక్కడికి రాగానే శిలువ వేసుకుంటారు. మేం వెళ్ళేసరికి తొమ్మిదో నంబరు గాలి, చెట్ల కొమ్మలు విరిచే గాలి. మాకు ముందు ఒక పెద్ద ఓడ, పన్నెండు వందల మంది జనం, కార్లు, లారీలు, గొర్రెలు. అటూ ఇటూ ఊగుతోంది పాపం. రేడియోలో ఆ కెప్టెన్ గొంతు. 'చిన్న పడవలో ఉన్న అన్నగారూ, మీ చాప చాటున కాస్త రానిస్తారా?' అంటున్నాడు. రానివ్వకేం చేస్తాను, పిల్లాపాపలున్నారు. కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాను. గంటన్నర సేపు ఆ ఓడ నా చాప నీడలో పిల్లికూనలా వచ్చింది. పైనుంచి జనం చప్పట్లు. ఒక పాద్రీ పైన నిలబడి మా మీద పవిత్రజలం చల్లాడు. అదీ గాలికి టర్కీ పోయింది, అది వేరే సంగతి."

పాండెలిస్ కి దగ్గు వచ్చింది. ఫోటిస్ వాడి వీపు మీద చరిచాడు.

"ఆ సందు దాటాక ఒక అల వచ్చింది. చిన్నా చితకా అల కాదు. దాన్ని ఎక్కడానికే మాకు భోజనం వేళ దాటిపోయింది. పైకి చేరి చూస్తే దేశమంతా కనిపించింది. మీది ట్రికాల అన్నావు కదూ? మీ ఊరి కొండలు కనిపించాయి. నదిపక్కన ఒక మేడమీద ఎవరో దుప్పట్లు ఆరేశారు, నీలం అంచువి. మీ అమ్మగారివేనా?"

మా అమ్మ దుప్పట్లకి పచ్చ అంచు అన్నాడు మిల్టోస్, తడుముకోకుండా. అయితే పక్కింటివాళ్ళవై ఉంటాయని స్తమాటిస్ ఒప్పుకున్నాడు.

కలియోపికీ నవ్వు వచ్చింది. వందసార్లు విన్నా ఆమెకి ఆ కథ విసుగు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ చెప్పలేదు. ఆ కథలో తను పడవ ఎక్కుతుంది. మొగుణ్ణి కోప్పడుతుంది, చేపలు తింటుంది, తల తడుపుకుంటుంది. చివరికి చీకటి పడేవేళ మావ్రోనిసి రాళ్ళు కనిపిస్తాయి. అక్కడికి వచ్చేసరికి స్తమాటిస్ గొంతు తగ్గిస్తాడు, అబద్ధాలు కూడా చిన్నవైపోతాయి. ఆమెని రాతిమెట్ల మీద చెయ్యి పట్టి దింపుతాడు. అంజూరం చెట్టు పెద్దదైపోయి ఇంటికప్పు మీద పడుకుని ఉంటుంది. తను సమాధి దగ్గర దీపం వెలిగిస్తుంది, ఎంత గాలివీచినా అది ఆరదు. ఆ అబద్ధమంతటిలో ఆమెకి కావలసింది అంతే. అందుకే ఇరవై ఏళ్ళుగా వంటింట్లోంచి ఒక్క మాట అడ్డు చెప్పలేదు.

"లంగరు సంగతి చెప్పు," అన్నాడు ఫోటిస్.

"లంగరు సంగతి వీళ్ళు నమ్మరు."

"చెప్పండి," అన్నాడు మిల్టోస్.

"ఆండ్రోస్ వెనక ఒక చిన్న ఖాతంలో లంగరు వేసి పడుకున్నాం. గాలి తగ్గలేదు. తెల్లారి లేచి చూస్తే నాకేదో తేడాగా ఉంది. ఎవియా కొండ నిన్నటికంటే దూరంగా ఉంది. పడవ జరిగిందేమో అనుకుని గొలుసు చూశాను, జరగలేదు. లంగరు దీవికి పట్టింది, పడవ దీవిని లాగింది. రెండు వందల గజాలు. పొద్దున్నే రేవు ఆఫీసువాళ్ళు పరుగెత్తుకొచ్చారు, కెప్టెన్ గారూ, పటాలన్నీ కొత్తగా అచ్చు వెయ్యాలి, దయచేసి ఎక్కడి దీవిని అక్కడ పెట్టండి అని. ఎదురుగాలిలో మళ్ళీ నెట్టుకొచ్చాను. కాస్త వంకరగా కూర్చుంది. పటంలో చూసుకో, ఉత్తరపు కొస ఇప్పటికీ వంకరే."

మిల్టోస్ నిజంగానే పటం చూశాడు. తలెత్తి, లంగరు సంగతి పక్కన పెట్టండి, ఆ సందులోంచి ఆండ్రోస్ దాకా ఒక్కరోజులో వెళ్ళొచ్చా అని అడిగాడు. గొంతులో నవ్వు లేదు. రేపు ఆరో నంబరు గాలి, ఎల్లుండి ఏడు అంటున్నారు, పడవ పన్నెండు మీటర్లది, మీ పడవకంటే పెద్దది కదా అన్నాడు.

స్తమాటిస్ ఒక్క క్షణం ఆగాడు. ఆగినట్టు కలియోపికి తప్ప ఎవరికీ తెలియలేదు. నోట్లోంచి ఇన్ని మాటలు వచ్చాక వెనక్కి తగ్గడం ఆయన వల్ల ఎప్పుడూ కాలేదు. ఏడో నంబరు గాలి అంటే పసిపిల్ల ఊపిరి అన్నాడు. మధ్యాహ్నం భోంచేసి బయల్దేరినా చాలన్నాడు. నేరుగా సందులోకి పెట్టు, చాప పూర్తిగా ఎత్తు, చుక్కాని గట్టిగా పట్టుకో, మిగతాది పడవే చూసుకుంటుందన్నాడు. కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, నీలో ఒక కెప్టెన్ ఉన్నాడని నీ కళ్ళలోనే తెలుస్తోంది అన్నాడు.

మిల్టోస్ పెళ్ళాం చేతిలోంచి రబ్బరు తీసుకుని కేయా వైపు ఉన్న గీత చెరిపాడు. చెరిపినచోట కాగితం కాస్త మాసింది. పెన్సిలుతో ఉత్తరానికి కొత్త గీత గీశాడు. ఈ గీత బెరుకు లేకుండా తిన్నగా పోయింది. పాండెలిస్, ఫోటిస్ నవ్వు మానేశారు. ఇద్దరూ తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. ఇన్నేళ్ళలో కెప్టెన్ మాట విని ఎవరూ గీత మార్చుకోలేదు.

అరిస్తెయా లేచింది. నిద్రపోతున్న పిల్లని భుజానికెత్తుకుని, ఖాళీ కప్పులు ఇచ్చే నెపంతో లోపలికి వచ్చింది. కలియోపి ఎదురుగా నిలబడి కప్పులు కింద పెట్టింది. పిల్ల వీపు నిమిరింది.

"అమ్మా, మీరు ఆ పడవలో ఉన్నారు కదా," అంది. "అల్లరంతా పక్కన పెట్టి చెప్పండి. పాప కూడా ఉంది. మీకు భయం వెయ్యలేదా?"

కలియోపి చేతిలో కత్తి పక్కన పెట్టింది.

ఆ రోజు ఆమెకి బాగా గుర్తుంది. వేసవంతా బాగా పనిచేశాడని పడవల కంపెనీవాళ్ళు స్తమాటిస్ కి సీజను చివర ఒక పడవ వారం రోజులు వాడుకోమని ఇచ్చారు. పడవ నడిపే కాగితం ఆయనకి అంతకుముందే ఉంది, పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. నెలరోజులు వాళ్ళిద్దరూ ఇదే బల్లమీద పటం పెట్టుకుని దారి గీసుకున్నారు. ఆమె సంచిలో ఒక సీసా నూనె, వత్తులు, అగరు, ఒక తెల్ల గుడ్డ. పొద్దున్నే తాడు విప్పారు. ఇంజను మెత్తగా పాడుతోంది. రేవుకి అడ్డంగా కట్టిన రాతిగోడ చివరికి వచ్చారు. అక్కడ బయటి సముద్రం తాలూకు మొదటి అల, పెద్దదేం కాదు, పడవని కిందనుంచి ఎత్తింది. ఆమె చూసింది ఆయన చేతులు. చుక్కాని చక్రం మీద ఆయన చేతులు ఎవరివో అన్నట్టు కొట్టుకుంటున్నాయి. పడవ అక్కడే చుట్టూ తిరిగి మళ్ళీ లోపలికి వచ్చింది. ఇంజనులో ఏదో చప్పుడు వస్తోందే అన్నాడు ఆయన. అవును, నాకూ వినిపిస్తోంది అంది ఆమె.

మెకానిక్ వచ్చి చూసి, ఇద్దరి మొహాలూ చూసి, ఏదో జల్లెడలో చెత్త పట్టిందిలెండి అన్నాడు. మరుసటి ఏడు ఇంకో కారణం. ఆ మరుసటి ఏడు ఇంకోటి. ఒకసారి ఆండ్రోస్ జాలరి ఒకాయన, తండ్రి స్నేహితుడి కొడుకు, రా అక్కా, నేను తీసుకెళ్తానన్నాడు. కలియోపి వద్దంది. పరాయి పడవలో వెళ్తే స్తమాటిస్ తలెత్తుకోలేడనుకుంది. ఆ జాలరి కూడా పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు ఆమె మోకాళ్ళు కొట్టు మూడు మెట్లు ఎక్కడానికే మొరాయిస్తున్నాయి. ఆ రాళ్ళ మీదికి ఇక ఎవరు దింపుతారు.

ఆమె అరిస్తెయాతో అక్కడే, గొంతు తగ్గించి చెప్పేసి ఉండొచ్చు. కాని బయట మిల్టోస్ పడవ కంపెనీకి ఫోను చేసి, దారి మార్చుకున్నాం, ఇంకో డబ్బా ఆయిలు కావాలని చెబుతున్నాడు. కలియోపి చేతులు తుడుచుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఆ పడవలో నేను వెళ్ళలేదు బాబూ," అంది. "ఈయనా వెళ్ళలేదు. అదిగో, ఆ గోడ చివరిదాకా పోయి వెనక్కి వచ్చేశాం. మావ్రోనిసి ఈయన కళ్ళతో చూడలేదు. కావో దోరో కూడా చూడలేదు. నీ పెళ్ళాం గీసిన గీత మంచిది. దాన్నే పట్టుకుని పో."

పూసల దండ చప్పుడు ఆగింది. మిల్టోస్ ఫోను చెవిదగ్గరే పెట్టుకుని ఆమె వంకా, స్తమాటిస్ వంకా చూశాడు. గట్టు మీద ఎవరో పడవ కడుగుతున్నారు.

పాండెలిస్ మంచివాడు. ముందుకి వంగి, "ఇంజను చెడిపోయింది కదోయ్ ఆ రోజు? జల్లెడలో చెత్త పట్టిందన్నారు, నాకు గుర్తుంది," అన్నాడు.

స్తమాటిస్ ఆ మాట పట్టుకుని బయటపడతాడనే కలియోపి అనుకుంది. పట్టుకోవాలని లోలోపల కోరుకుంది కూడా. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. టోపీ లేకుండా పరాయివాళ్ళ ముందు ఆయన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. నుదుటి పైభాగం ఎండ తగలక తెల్లగా ఉంది.

"ఇంజను బాగానే ఉంది పాండెలిస్," అన్నాడు. "నాకు భయం వేసింది. చేతులు వణికాయి. ఆ గోడ దాటి నేనెప్పుడూ పోలేదు, అంతకుముందూ పోలేదు, ఆ తర్వాతా పోలేదు."

మిల్టోస్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. పర్వాలేదండీ అన్నాడు. పర్వా ఉంది, అందుకే చెబుతున్నా విను అన్నాడు స్తమాటిస్. ఆ తర్వాత ఆయన మాట్లాడింది పది నిమిషాలు. అందులో కోత ఒక్కటి లేదు. తెల్లారగానే బయల్దేరమన్నాడు, పది దాటితే గాలి లేస్తుందన్నాడు. కేయా రేవులో లోపలికంటా పోయి కట్టుకొమ్మన్నాడు, గాలి తగ్గేదాకా రెండు రోజులైనా మూడు రోజులైనా అక్కడే ఉండమన్నాడు, సెలవులు పోయాయని ఏడవొద్దన్నాడు. మీకిచ్చే పడవేదో చెప్పు అని అడిగి, ఆ పడవ లంగరు గొలుసు ముప్ఫై మీటర్ల గుర్తు దగ్గర గిలకలో చిక్కుకుంటుందనీ, అప్పుడు కంగారుపడకుండా చేత్తో ఎడమకి తిప్పి వదలమనీ, వెనక నీళ్ళ తొట్టి నిండినట్టు చూపించినా సగమే నిండుతుందనీ చెప్పాడు. అరిస్తెయా పిల్లని భర్త చేతికిచ్చి, కూర్చుని అన్నీ రాసుకుంది. రాయడం అయ్యాక కొత్త గీత చెరిపి, మాసిపోయిన చోటే పాత గీత మళ్ళీ గీసింది.

మర్నాడు పొద్దున్న స్తమాటిస్ గట్టు మీదికి వెళ్ళి వాళ్ళ తాడు విప్పాడు. అది ఇప్పుడు ఆయన పని కాదు, అయినా ఎవరూ వద్దనలేదు. పడవ గోడ దాటి కుడికి తిరిగేదాకా నిలబడి చూసి వచ్చాడు. ఆదివారం కావో దోరోలో గాలి ఎనిమిది దాటింది, పెద్ద ఓడలు కూడా రేవులోనే ఉండిపోయాయి. వారం తిరిగాక ఆ ముగ్గురూ ఎండకి నల్లబడి, ముక్కులు తోలు ఊడి, క్షేమంగా వచ్చారు. కేయాలో మూడు రోజులు కూర్చున్నామని, పిల్ల ఈత నేర్చుకుందని, గొలుసు సరిగ్గా చెప్పినచోటే చిక్కుకుందని అరిస్తెయా చెప్పింది. కలియోపిని కావలించుకుంది. స్తమాటిస్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఆయన సిగ్గుపడి, గాలి మీ మాట విందమ్మా అన్నాడు, అంతకుమించి ఏమీ అనలేదు.

సెప్టెంబరులో ఇంకా జనం వచ్చారు. పటాలు విప్పారు. స్తమాటిస్ కుర్చీ గోడనీడతో పాటు కుడినుంచి ఎడమకి జరుగుతూనే ఉంది, కాని ఎవరి బల్ల దగ్గరికీ పోలేదు. ఒక డచ్చి ముసలాయన టోపీ చూసి, మీరు కెప్టెనా అని అడిగితే, కాదండీ, పడవలు కడిగేవాణ్ణి అన్నాడు. పాండెలిస్ రెండు మూడుసార్లు, ఆ టోపీ సంగతేదో చెప్పవోయ్ అని కదిపి చూశాడు. ఏం చెప్పనులే అన్నాడు స్తమాటిస్. తర్వాత పాండెలిస్, ఫోటిస్ వాళ్ళ పాచికలు వాళ్ళు వేసుకున్నారు. కొట్టు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, కాఫీ పొంగే చప్పుడు గుమ్మం దాకా వినిపించేది.

తను చేసింది తప్పని కలియోపి అనుకోలేదు. పిల్ల ముక్కు మీద ఊడిన తోలు గుర్తొస్తే, మళ్ళీ అదే చేస్తాననే అనుకుంది. కాని తరిగే టమాటా మధ్యలో చెయ్యి ఆగిపోయేది. ఏదో వినిపించాలి, వినిపించడం లేదు.

నెలాఖరున ఒక సాయంత్రం కొట్టులో ఎవరూ లేరు. కలియోపి రెండు కాఫీలు కలిపి తెచ్చి, మొగుడి పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇద్దరూ కాసేపు గట్టు వైపు చూశారు. సీజను అయిపోవచ్చింది, పడవలు చాపలు విప్పేసి వరసగా కట్టి ఉన్నాయి.

"మెట్ల దగ్గర చెయ్యి పట్టి దింపాక ఏం చేశామో చెప్పు," అంది.

ఆయన తిరిగి ఆమె వంక చూశాడు. "నువ్వే కదే వెళ్ళలేదన్నావు."

"అన్నాను. అయినా చెప్పు."

స్తమాటిస్ కప్పు కింద పెట్టాడు. మీసం తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు, నోరు తెరిచాడు. ఆమె కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. పూసల దండలో ఒక్క పూస కిందికి జారిన చప్పుడు వినిపించింది, తర్వాత ఏమీ వినిపించలేదు. చాలాసేపటికి ఆయన చెయ్యి వచ్చి ఆమె మోకాలి మీద ఆగింది.

"ఇవాళ గాలి బాగాలేదే, కలియోపీ," అన్నాడు.

ఎదురుగా సముద్రం అద్దంలా ఉంది. ఆమె అవునంది.